ఏనుగు కడుపు కింద

"మూడుసార్లు దాటిస్తే సాలప్పా. బిడ్డకుండే దడుపంతా పోతాది," అన్నాడు మావటి శంకరప్ప.

జయచంద్ర వచ్చిందే అందుకు.

ఏడు నెలల చరణ్ నెల రోజులుగా నిద్రలో ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. డాక్టరు మందయింది, తాయెత్తూ అయింది. ఏనుగు కడుపు కింద మూడుసార్లు దాటిస్తే దడుపు వదులుతుందని పుంగనూరులో పెద్దవాళ్ళంతా ఒకటే మాట. మదనపల్లె నుంచి బెంగుళూరు పోయే రోడ్డులో ఆ ఏడాదే పెద్ద పార్కు పెట్టారు. అందులో ఏనుగు కూడా ఉందని తెలిసిందే తడవు, పెళ్ళాం యమునను, ఐదేళ్ళ కూతురు దీపను, చంటివాణ్ణి బస్సెక్కించేశాడు.

దీప కళ్ళన్నీ జెయింట్ వీల్ మీదే.

"నాయనా, పెద్ద చక్రం ఎక్కుదాం!"

"ముందు తమ్ముని పని కానీ. ఆ కమ్మీ పట్టుకొని కదలకుండా నిలబడు," అని కసిరాడు.

జయచంద్రది టమోటా మండీ. మనిషికి కోపం ముక్కు మీద ఉంటుంది, చెయ్యి ఆ కోపం కన్నా ముందుంటుంది.

యమున ఏనుగుకు అవతల నిలబడింది. జయచంద్ర ఇవతల వంగి, ఏనుగు కడుపు కింద నుంచి బిడ్డను ఆమెకు అందించాడు.

ఒకటి.

ఆమె తిరిగి ఇతనికి అందించింది.

రెండు.

"వద్దప్పా! ఇంక సాలు, తీసెయ్ బిడ్డను!"

ఎవడో బక్క మనిషి. మాసిన పంచె, నెరిసిన గడ్డం. కమ్మీ కింద దూరి వచ్చి జయచంద్ర చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవుర్రా నువ్వు?"

"నేనెవురైతే ఏమప్పా. దాని కణత సూడు, తడి కారతాండాది. మదమెక్కతాండాది దానికి."

శంకరప్ప నవ్వేశాడు. "నీళ్ళు పోసినాంలే అప్పా. ఈడు వారం వారం వచ్చి ఇదే గలాటా. తాగుబోతు నాయాలు, పట్టించుకోవాకు."

జయచంద్రకు ఒళ్ళు మండింది. రెండుసార్లు దాటించి మూడోది ఆపితే దడుపు రెట్టింపవుతుందని చెప్పింది కూడా ఆ పెద్దవాళ్ళే మరి!

"పక్కకు పోరా!" అని తోసేసి బిడ్డను మళ్ళీ ఏనుగు కిందికి చాపాడు.

ఆ మనిషి జయచంద్ర చేతుల్లోంచి బిడ్డను లాక్కొని పరుగెత్తాడు.

"అయ్యో, నా బిడ్డ! ఎత్తకపోతాండాడు, పట్టుకోండప్పా!" యమున కేక పార్కంతా వినపడింది.

ఇక చూడండి. తన్నడానికి మన జనానికి కారణమెందుకు, పక్కవాడు తంతుంటే చాలు. ఐస్‌క్రీము తినేవాడు పుల్ల పారేసి వచ్చాడు. బోట్ల క్యూలో వాడు క్యూ వదిలేసి వచ్చాడు. చెప్పులు, బెల్టులు, పిడికిళ్ళు.

ఆ మనిషి ముందు బిడ్డను ఒకామె చేతుల్లో భద్రంగా పెట్టి, తర్వాతే కింద పడ్డాడు. అది జయచంద్ర చూశాడు. చూసి కూడా ఆగలేదు.

పెదవి చీలింది, పళ్ళు రాలాయి, గడ్డమంతా నెత్తురు.

"నన్ను కొట్టండప్పా... బిడ్డల్ని మాత్రం ఆడినుంచి లాగేయండి..."

"ఇంకా నోరు లేస్తాందా నీకు?"

జయచంద్ర ఎవరి చేతిలోదో కర్ర లాక్కొని, ఉన్న బలమంతా పెట్టి మోకాలి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినిపించింది.

ఆ మనిషి పెట్టిన కేకకో, నెత్తురు వాసనకో, ఏనుగు ఘీంకరించింది. అంకుశం ఎత్తిన శంకరప్పను తొండంతో విసిరికొట్టింది. గొలుసు తెంపుకుంది.

అంతదాకా మగతనం చూపించిన మందంతా కాళ్ళకు బుద్ధి చెప్పింది. జయచంద్ర కూడా బిడ్డనూ పెళ్ళాన్నీ లాక్కొని పరుగెత్తాడు. గేటు దగ్గర వెనక్కి తిరిగి చూశాడు.

"దీప యాడే?"

దీప కమ్మీ పట్టుకొని అక్కడే ఉంది. నిలబడమని చెప్పింది నాయనే కదా. ఏనుగు నేరుగా ఆ పిల్ల మీదికే వస్తోంది.

కన్నతండ్రికి కాళ్ళు రాలేదు. ఆ సంగతి ఆ తర్వాత బతికినంత కాలం వాణ్ణి తింది.

విరిగిన కాలు ఈడ్చుకుంటూ, మోచేతుల మీద పాకి ఆ పిల్లను చేరింది ఆ మనిషే. ఒక్క తోపు తోసి కమ్మీ అవతలికి పడేశాడు.

"పరుగెత్తమ్మా, పరుగెత్తు!"

దీప పరుగెత్తింది. తానూ లేవబోయాడు. రెండడుగులు వేస్తే బయటపడేవాడు. మోకాలు నిలవలేదు, పడ్డాడు. మళ్ళీ లేచాడు, మళ్ళీ పడ్డాడు.

ఏనుగు తొండంతో చుట్టి ఎత్తి నేలకేసి కొట్టింది. తర్వాత కాలు మోపింది.

సాయంత్రానికి రామకుప్పం నుంచి అతని భార్య పూలమ్మ వచ్చింది. శవం మీద గుడ్డ తీసి చూసి, మళ్ళీ కప్పి, పక్కనే కూర్చుంది.

జయచంద్ర దీపను ఎత్తుకునే వెళ్ళి ఆమె కాళ్ళ మీద పడ్డాడు. మోకాలి సంగతి చెప్పాలనే పోయాడు. ఏడుస్తూ వేరే మాట అడిగాడు.

"నా కూతురికి ప్రాణం పోసినాడమ్మా మీ ఆయన. ఏనుగు సంగతి అంత బాగా ఎట్ల తెలుసమ్మా? మావటి పని సేసినాడా?"

"మావటి యాడప్పా, రాగులు పండించుకొనేవాళ్ళం," అంది పూలమ్మ, దీప తల నిమురుతూ. "ఈ ఏనుగును ఊర్లెంబడి తిప్పే కాలంలో మా అమ్మోళ్ళూరు కలకడలో మా కొడుకునూ దీని కిందనే దాటిచ్చినాము. మూడోతూరి తొక్కేసింది. ఆ పొద్దు వద్దని సెయ్యి పట్టుకునేదానికి మాకు ఒక్కరూ లేకపాయ."