జవాబులు చెప్పే గొంతు

"ఇందుల మాట్లాడేది ఎవరో తెల్సా మీకు?" అంది నవనీత, చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీస్తూ.

సాగర్ చెప్పాల్సిన జవాబు చిన్నది. అశోక్‌నగర్‌లో చాయ్ బండి నడిపే దుర్గయ్య. అంతే. కానీ మూడు నెలలుగా చిక్కడపల్లి లైబ్రరీలో ఒకే బల్లకు ఇటు తను, అటు ఆమె. ఆ మూడు నెలల్లో ఆమె అతనితో అన్న మాట ఒక్కటే. "ఫ్యాన్ జర తగ్గిస్తరా?" అలాంటి పిల్ల తనంత తాను తలెత్తి అడిగితే, ఏ మగాడు చాయ్ బండి పేరు చెబుతాడు?

"నేనే," అన్నాడు.

నోరు జారిందనడానికి లేదు. మాటను తోసి మరీ పంపాడు.

సంగతేమిటంటే, 2012 సివిల్స్ మెయిన్స్‌కు సాగర్ ఫిలాసఫీ తీసుకున్నాడు. సత్యాన్వేషణ కోసమేమీ కాదు. సిలబస్ చిన్నదని ఎవరో చెప్పారు. పుస్తకం తెరిచాక తెలిసింది, చిన్నది సిలబస్సే గానీ ప్రశ్నలు కావని. చదివితే నిద్ర, చదవకపోతే భయం. ఎవరితోనైనా మాట్లాడి ఫోన్లో రికార్డు చేసుకుంటే బుర్రకెక్కుతుందని, హాస్టల్లో తన రూమ్మేట్ కరుణాకర్‌ను కూర్చోబెట్టాడు. "మనసు వేరు, శరీరం వేరా?" అని అడిగేసరికి వాడి మనసు ఎక్కడికి పోయిందో గానీ, శరీరం గురక పెట్టింది. ఇక లాభం లేదని, పొద్దున్నే చాయ్ తాగుతూ దుర్గయ్యను అడగడం మొదలుపెట్టాడు.

దుర్గయ్య చాయ్ వడగడుతూనే చెప్పేవాడు.

"దేవుడున్నడా అన్నా?"

"ఉన్నడో లేడో గని, బోణీ కాకముందు లేడనకు."

"చచ్చినంక ఏమైతది?"

"ఏమైతది? గిరాకంత పక్క బండోనికి పోతది."

"మరి నిజమంటే ఏంది?"

"పాల లెక్క ఉంటది. మనం అటు మర్లంగనే పొంగుతది."

కరుణాకర్ ఆ ముక్కల్ని బ్లూటూత్‌లో నలుగురికి పంపాడు. ఆ నలుగురు నలభై మందయ్యారు. నారాయణగూడ అమ్మాయిల హాస్టళ్ల దాకా పోయాయి. చెప్పేదెవరో తెలియక అందరూ 'ఫిలాసఫీ సార్' అని పేరు పెట్టుకున్నారు.

ఇప్పుడా సార్ సాగరే.

నవనీత అతన్ని ఎగాదిగా చూసింది. "గొంతు వేరే ఉన్నట్టుంది?"

"రికార్డుల అట్లనే వస్తది. అప్పుడు జలుబు గూడ ఉండె."

"ఇరవై రికార్డింగులల్ల జలుబే ఉండెనా?"

"సైనస్."

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. సాగర్‌ది మేకులు కొడితే గానీ నిలిచేలా లేదు.

"మరి ప్రశ్నలడిగే గొంతు?"

అది సాగర్ గొంతే. కానీ ఒక మనిషికి రెండు గొంతులు కుదరవు కదా!

"ఆయన చాయ్ బండాయన. దుర్గయ్య అని. పాపం, చదువుకోలే. దేవుడున్నడా, చచ్చినంక ఏమైతది అని రోజు నా పానం తీస్తడు. నేనే ఓపికగ చెప్త."

నవనీత ఇయర్‌ఫోన్ తీగ చుట్టి పక్కన పెట్టింది. తర్వాత నవ్వింది.

"మస్తు ఓపిక మీకు!"

ప్రేమ గుడ్డిదంటారు. అది చెవిటిది కూడా అయితే బాగుండునని సాగర్ మొక్కుకున్నాడు.

ఆ మొక్కు ఫలించినట్టే ఉంది. మర్నాటి నుంచి ఆమె రోజూ మాట్లాడింది.

"గిరాకంత పక్క బండోనికి పోతదన్నరు గద, ఏంది దానర్థం?"

"అది... ఉపమానం. మరణానంతర శూన్యం."

"అబ్బో! శూన్యమా?" అని నోట్‌బుక్‌లో రాసుకుంది.

పొద్దున్నే దుర్గయ్య అల్లం దట్టించి చాయ్ ఇస్తుంటే సాగర్‌కు ఆయన ముఖం చూడడానికి సిగ్గేసేది. కానీ ఆ సిగ్గు లైబ్రరీ మెట్లెక్కేదాకానే.

ఒకరోజు ధైర్యం చేసి చాయ్‌కి పిలిచాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నేను బయట చాయ్ తాగ. ఇంటి చాయ్ అలవాటైనోల్లకు బయటిది పడది."

శనివారం మాత్రం తనే అడిగింది. "రేపు వస్తరా? మా వాళ్లకు మిమ్మల్ని చూపిస్త."

మా వాళ్లంటే ఆమె స్టడీ సర్కిలే అయ్యుంటుంది. ఆదివారం ఆదివారం బాగ్ లింగంపల్లిలో కూర్చుని చర్చించుకునే తెలివైన మంద. సాగర్‌కు రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే కరుణాకర్ ఇస్త్రీ చొక్కా ఎత్తుకుని తొడుక్కున్నాడు. గొంతు మారడానికి వరసగా రెండు ఐస్‌క్రీములు తిన్నాడు. ఒక్క తుమ్మయినా రాలేదు.

లైబ్రరీ ముందు కలిశారు. నవనీత బాగ్ లింగంపల్లి వైపు తిరగలేదు. అశోక్‌నగర్ వైపు నడిచింది. మలుపులో దుర్గయ్య బండి కనబడగానే సాగర్ ఆగిపోయాడు. ఆయన "ఏం సార్" అన్నా చాలు, ఈ పిల్ల గొంతు గుర్తుపట్టేస్తుంది.

"ఈ గల్లీల నుంచి పోదాం. దగ్గరైతది."

"చాయ్ తాగి పోదాం."

"మీరు బయట తాగరు గద?"

"తాగ," అంటూనే ఆమె నేరుగా బండి దగ్గరికి పోయింది.

ఇద్దరినీ కలిపి చూసి దుర్గయ్య వడగట్టడం ఆపేశాడు. వెనక స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి. సాగర్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నవనీత బండి వెనక్కి వెళ్లి, స్టవ్ తగ్గించి, కొంగుకు చెయ్యి తుడుచుకున్నంత తీరిగ్గా చున్నీకి తుడుచుకుంది.

"నాయినా, రోజు నీకు ఓపికగ చెప్పే సార్ ఈయనేనట."