రెండో మనిషి పేరు

“రెండోది ఎవరు?”

టీఐ సాబ్ మళ్ళీ అడిగాడు.

పొద్దుటి హాజరుకి ఠాణా అంతా ముంగిట్లో బారులు తీరి ఉంది. కానిస్టేబుల్ తనూజను అందరి ముందూ నిలబెట్టి దులిపేస్తున్నాడు ఠాణాకి పెద్దయిన ఆ టీఐ సాబ్. సంగతేమిటంటే, ముందురోజు సాయంత్రం తనూజ క్వార్టర్ కిటికీలోంచి పక్కింటివాళ్ళు చూశారు. ఆమె ఇంకో ఆడమనిషిని కౌగిలించుకుని ముద్దు పెట్టుకుంటోందట. వాళ్ళు కేకలు వేసేసరికి ఆ రెండో మనిషి వెనక దారిన జారుకుంది. మొహం కనబడలేదు గానీ, ఒంటి మీది ఖాకీ కనబడింది. ఎద్దు పుండు కాకికి ముద్దని ఊరికే అన్నారా! తెల్లారేసరికి కబురు సాబ్ చెవిన పడింది.

హవల్దార్ సింహాచలానికి ఒళ్ళు మండిపోతోంది. రైల్వే షెడ్డులో పనికని తండ్రి కాలంలోనే శ్రీకాకుళం నుంచి బిలాస్‌పూర్ వచ్చిన కుటుంబం ఆయనది. ఠాణాలో తెలుగువాళ్ళు ఆయన కాక తనూజ, జ్యోతిర్మయి. అంతే. ఆ పిల్లలిద్దర్నీ సొంత కూతుళ్ళలా చూసుకున్నాడు. ఇప్పుడీ తనూజ ఇంతమంది హిందీవాళ్ళ ముందు తెలుగోళ్ళ పరువు గంగలో కలిపేసింది, ఛీ!

“ఇది నేరం కాదని సుప్రీంకోర్టే చెప్పింది సర్,” అంది తనూజ.

“ఠాణా నడిపేది కోర్టు కాదు, నేను!” సాబ్ లాఠీతో నేల మీద కొట్టాడు. “నా దగ్గర ఈ గలీజు కుదరదు. నువ్వెలాగూ పోతావు. ఆ రెండోది కూడా పోవాలి. పేరు చెప్పలేదో, ఇక్కడున్న ఆడవాళ్ళందరి ఇళ్ళకీ మనుషుల్ని పంపి విచారణ చేయిస్తా.”

ఆడ కానిస్టేబుళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. వరసలోంచి జ్యోతిర్మయి చటుక్కున ముందుకొచ్చింది.

తనూజతో పాటే ఉద్యోగంలో చేరిన పిల్ల. ఇద్దరూ ఒకే డబ్బాలో అన్నం తిన్నవాళ్ళు. జ్యోతిర్మయికి తండ్రి లేడు. మంచాన పడ్డ తల్లి అసిరమ్మకి ఈ పిల్ల ఉద్యోగమే దిక్కు.

“ఆ రెండోది మన ఠాణాది కాదు సర్. సీపత్ వైపు ఎక్కడో గార్డు పని చేస్తుందట. దీని సంగతి నాకెప్పుడో తెలుసు. మొన్న చలికాలంలో బ్యారెక్‌లో నా పక్కన పడుకుని నా మీద చెయ్యి వేసింది. చెప్పు తీసుకుని కొట్టాను.”

సింహాచలం నిర్ఘాంతపోయాడు. డ్యూటీలు వేసేది ఆయనే. తనూజ ఏనాడూ బ్యారెక్‌లో పడుకోలేదు. పచ్చి అబద్ధం! మాట నాలిక చివరిదాకా వచ్చింది. రిటైర్మెంటు ముందు సాబ్‌తో గొడవెందుకని మింగేశాడు.

“మరిన్నాళ్ళూ చెప్పలేదేం?” అన్నాడు సాబ్.

“సిగ్గేసింది సర్. దీని పక్కన బట్టలు మార్చుకున్నానంటే నా ఒళ్ళు నాకే అసహ్యం వేస్తోంది.” జ్యోతిర్మయి తనూజ కేసి తిరిగి తెలుగులో అరిచింది. “నీ మొహం మండ! ఖాకీ వేసుకోడానికి సిగ్గులేదే నీకు?”

అని ఆమె కాళ్ళ ముందు తుపుక్కున ఉమ్మేసింది. తనూజ తల దించుకుంది.

“శభాష్! ఒక్కర్తయినా ఇజ్జత్ ఉన్న పిల్ల ఉంది ఇక్కడ,” అన్నాడు సాబ్. అక్కడికక్కడే తనూజ టోపీ, బెల్టు తీయించాడు. సస్పెన్షన్! సాయంత్రంలోగా క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. “జ్యోతిర్మయీ, దగ్గరుండి నువ్వే ఖాళీ చేయించు. హవల్దార్, నువ్వూ వెళ్ళు.”

తనూజ ముందు నడుస్తోంది. వెనకాల జ్యోతిర్మయి పక్కన వస్తున్న సింహాచలం ఉండబట్టలేకపోయాడు.

“అది సేసింది పాడు పనేనే. నువ్వు సేసింది మాత్రం పాపం. ఏటొచ్చిందే నీకు?”

“నా నౌకరీ మిగిలింది బాబాయ్.”

“థూ! ఒక్క కంచంలో తిన్నదాన్ని అమ్ముకున్నావు గదే! నీకంటే పాము నయం. ఇంకోపాలి నన్ను బాబాయ్ అన్నావంటే ఊరుకోను, సెప్తన్నాను.”

జ్యోతిర్మయి గబగబా ముందుకు నడిచింది.

వాళ్ళిద్దర్నీ క్వార్టర్ దగ్గర వదిలి సింహాచలం ఆటో కోసం వెళ్ళాడు. తీసుకొచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఎవరో వెక్కివెక్కి ఏడుస్తున్నారు. ఏడవదా మరి, పాపం, ఉన్న ఉద్యోగం పోయె అనుకుంటూ తలుపు మీద చెయ్యి వేశాడు. వేసినవాడు అలాగే ఆగిపోయాడు. ఆ ఏడుపు జ్యోతిర్మయిది. తనూజ గొంతు మెల్లగా వినిపించింది.

“రాత్రి ఫోన్లో నేను నేర్పినట్టే తిట్టావు కదే, ఇంక ఆ రెండోది నువ్వని ఎవరూ అనుకోరు.”