రివ్యూకిచ్చిన పీసు

మనుషులు సొంతంగా గుర్తుపెట్టుకోవడం మానేసి చాలాకాలమైంది. చెవి వెనక జ్ఞాపకాల డ్రైవు లేనిదే బెజవాడలో ఎవరికీ పూట గడవదు. ఏ డ్రైవు మంచిదో చెప్పడం ఇందుమతి పని. ఓ కంపెనీ పంపినదాన్ని తనే పెట్టుకుని చూసి, బ్రహ్మాండమని రివ్యూ రాసింది. అది చదివి పిన్ని కొట్లో అదే కొనుక్కుంది.

ఇవాళ పిన్ని ఉప్పేసిన పప్పులోనే మళ్లీ మళ్లీ ఉప్పేస్తోంది. ఇందుమతి ఆ డ్రైవు తీసి విప్పి చూసింది. పైన పేరు అదే, లోపల మాత్రం నాసిరకం చిప్పు. ఒళ్లు మండి కంపెనీకి ఫోన్ చేసింది.

"రివ్యూకిచ్చేది వేరు, కొట్టుకు పంపేది వేరు మేడమ్. అందరూ చేసేదేగా! మీ పిన్నిగారికి మీకిచ్చినలాంటి పీసే పంపిస్తాం, ఈ సంగతి ఎక్కడా రాయకండి," అన్నాడు అవతలివాడు నవ్వుతూ.

"మా పిన్ని ఒక్కతేనా మనిషి? ఛీ!" అని పెట్టేసింది.

గతిలేక ఆ డ్రైవునే మళ్లీ పిన్ని చెవి వెనక పెట్టింది. పిన్ని పరాయిదాన్ని చూసినట్టు చూసింది.

"ఎవరమ్మా నువ్వు? నువ్వూ ఈ డ్రైవే కొనుక్కో. మా ఇందు స్వయంగా పెట్టుకుని చూసి మరీ రాసింది. అది అబద్ధం రాయదు."