తలుపులు లేని సందు

మడకశిర వైపు ఒక పాతపేట వీధుల తీరు పరిశీలించి నివేదిక ఇవ్వడానికి వచ్చిన గౌతమికి ఆ సందు ఒక్కటే మింగుడుపడలేదు. రెండు వైపులా ఇళ్లన్నీ దానికి వీపు తిప్పుకుని ఉన్నాయి. ఒక్క తలుపు లేదు, ఒక్క కిటికీ లేదు. అయినా మధ్యలో బండలు మాత్రం నడిచి నడిచి నున్నగా అరిగిపోయాయి.

"ఇక్కడ ఎవరు నడుస్తారవ్వా?" అని తను దిగిన ఇంటి ఆంజినమ్మను అడిగింది.

"మేమెవ్వరం ఆడికి పోము పాపా," అంది ఆమె.

ఇంత ఎండల ఊళ్లో గాలిని ఇలా వదులుకుంటారా అని గౌతమికి ఒళ్లు మండింది. ముసలామెను బతిమాలి, సందు వైపున్న పడకగది వెనకగోడలో ఒక్క రాయి తీయించింది.

రాత్రి కరెంటు పోయింది. కంతలోంచి చల్లగాలి మొహానికి తగులుతోంది.

"చూశావా అవ్వా, ఎంత హాయిగా ఉందో!"

"మాట్లాడొద్దు పాపా," పక్క మంచం మీంచి ఆంజినమ్మ గుసగుసగా అంది. "వచ్చే యాళ అయింది."

సందు చివర అడుగుల చప్పుడు మొదలైంది. తొందరేమీ లేని నడక. ఒక్కో ఇల్లూ దాటుకుంటూ వచ్చి, కంత దగ్గర ఆగింది.

గాలి ఆగిపోయింది.

ఆంజినమ్మ చెయ్యి చీకట్లో తడుముకుంటూ వచ్చి గౌతమి నోరు మూసింది.

కాసేపటికి గాలి మళ్లీ మొదలైంది. ఈసారి వెచ్చగా, ఆగి ఆగి వస్తోంది.