మొద్దులు మెరిశాయి

తొమ్మిదో ప్లేటులోని పురుగు కూడా మెరిసింది.

పక్షి కుర్చీ వెనక్కి జరిపి, కళ్ళు నులుముకుని, మళ్ళీ తెర మీదికి వంగింది. ఇదేం చోద్యం! ఈపాటికి నాలుగైనా మెరవకుండా ఊరుకోవాలే!

ఆమెను అసలు పేరుతో ఎవరూ పిలవరు. దేన్నీ ఒక పట్టాన నమ్మదు కాబట్టి ల్యాబ్‌లో మొదట అనుమానప్పక్షి అన్నారు. అంత పొడుగు పేరు పిలవలేక తరవాత పక్షి చేసేశారు. పురుగుల మీద పనిచేసే పిల్లకి భలే పేరు కుదిరిందని నవ్వుకున్నారు కూడా.

ఆ పురుగులు ఒక మిల్లీమీటరు పొడుగుంటాయి. ఒళ్ళంతా గాజులా ఉంటుంది, లోపలున్నవన్నీ కనిపిస్తాయి. జెల్లీ పోసిన ప్లేటు మీద పురుగు తన మానాన తాను పాకుతుంటే, మైక్రోస్కోపు కింది బల్ల కూడా దానికి తగ్గట్టు జరుగుతూ, దాని తలను తెర మధ్యలోంచి పక్కకి పోనివ్వదు. ఆ తలలో ఒక నాడీకణం పచ్చగా వెలుగుతుంటుంది. పురుగు దారి మళ్ళడానికి అరక్షణం ముందు ఆ కణం తళుక్కుమంటుందని పక్షి నాలుగేళ్ళు కష్టపడి కనిపెట్టింది. మళ్ళాలన్న ఆలోచన అక్కడే పుడుతోందని పేపరు రాసింది. పెద్ద పత్రికవాళ్ళు వేసుకుంటామన్నారు. ఆ మాట విని ఒక కాలేజీవాళ్ళు వచ్చే నెల ఉద్యోగంలో చేరమన్నారు.

అన్నీ కుదిరాక ప్రొఫెసర్‌గారు మెలిక పెట్టారు. "ఆ తళుకు నిజంగా కణం పనిచేయడం వల్లేనా? పురుగు తల ఊపితే మనకలా కనిపిస్తోందేమో! ఎందుకైనా మంచిది, మొద్దుల్ని కూడా చూసెయ్."

మొద్దులంటే మరో రకం పురుగులు. వాటి తలలోనూ అదే కణం పచ్చగా వెలుగుతుంది. కానీ కణం పనిచేసినా మానేసినా ఆ వెలుగు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, పెరగదు, తరగదు. అలాంటివి కూడా తళుక్కుమన్నాయంటే అది ఉత్త తల ఊపుడే, పక్షి పేపరు చెత్తబుట్టకే. అందుకని మెరిసేవి ఐదు ప్లేట్లు, మొద్దులు ఐదు ప్లేట్లు. ఏ ప్లేటులో ఏముందో చూసేవాళ్ళకి తెలియకూడదు. తెలిస్తే కళ్ళు మనకి కావలసిందే చూస్తాయి. ప్లేట్లు సిద్ధం చేసే పిన్ని తనే పురుగుల్ని వేసి, పైన అంకెలు మాత్రం రాసి, జాబితాని కవర్లో పెట్టి అంటించి ఇచ్చింది. ఆ ల్యాబ్‌లో అందరికీ ఆవిడ పిన్నే.

పదోదీ మెరిసింది.

పక్షి కవరు చింపింది. పిన్ని గుండ్రటి అక్షరాలు. మెరిసేవి ఐదు, మొద్దులు ఐదు. చెప్పింది చెప్పినట్టే ఉంది.

పక్షి మళ్ళీ మైక్రోస్కోపు దగ్గరికి చేరింది. దీపం మార్చింది. ప్రోగ్రాము ఆపి మళ్ళీ పెట్టింది. మొద్దు అని రాసి ఉన్న ఏడో ప్లేటును ఇంకోసారి చూసింది. ఆ పురుగు మలుపు ముందు నిక్షేపంగా తళుక్కుమని మరీ తిరిగింది.

"నీకేం పోయేకాలమే!" అని దాన్నే తిట్టింది.

అప్పటికే మూడు దాటింది. ఐదింటిలోగా పత్రికవాళ్ళకి అచ్చు వేసుకోమనో, ఆపమనో చెప్పాలి. పక్షి ప్లేట్ల గదిలోకి పరిగెత్తింది. పిన్ని జెల్లీ పోస్తోంది.

"పిన్నీ, ప్లేట్లేమైనా తారుమారయ్యాయా?"

"నా చేతిలోనా!" పిన్ని సీసా కింద పెట్టింది. "ఒక్కో పురుగునీ ఏరి ఏరి వేశాను తల్లీ. నీ పని కదా అని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను."

"అంకెలో?"

"అవీ అంతే. ఏం, ఏమైనా తేడా వచ్చిందా?"

"ఏమొచ్చిందో అదే తెలియట్లేదు. బుర్ర పనిచేయట్లేదు."

"పొద్దున్నుంచీ ఏమీ తినకపోతే ఎలా పనిచేస్తుంది? ఉండు, టీ పెడతాను."

పక్షి ఉండలేదు. ప్రొఫెసర్‌గారి గదికి వెళ్ళింది.

"దీపం?" అన్నారాయన.

"మార్చాను సార్."

"ప్రోగ్రాము?"

"చూశాను."

"ప్లేట్లు?"

"పిన్నిని అడిగాను."

"అయితే ఆ సంగతి వదిలెయ్. ఇరవై ఏళ్ళలో ఆవిడ చేతిలో ఒక్కటి కూడా తారుమారు కాలేదు."

"కొత్త పురుగుల మీద మళ్ళీ చేస్తే?"

"అవి పెరగడానికే మూడు రోజులు. పత్రికవాళ్ళు గడువు ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే మళ్ళీ మన మొహం చూడరు." ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "నీ పేపరు. నువ్వే చెప్పమ్మా."

పక్షి తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. నోరు మూసుకుంటే అడిగేవాళ్ళు లేరు. కానీ నాలుగేళ్ళుగా తను చూసింది ఏమిటి? కణాన్నా, భ్రమనా? ఎంత తవ్వుకున్నా ఎటూ తేలలేదు. తేలని దాన్ని నిజమని అచ్చులో పెట్టడానికి మనసొప్పలేదు. ఐదుకి పది నిమిషాల ముందు పత్రికవాళ్ళకి ఆపమని రాసేసింది. కాలేజీవాళ్ళకి కూడా ఉన్నదున్నట్టు రాసింది. వాళ్ళు పావుగంటలోనే బదులిచ్చారు. ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇస్తున్నారట.

మళ్ళీ ప్లేట్ల గదికి వెళ్ళి, స్టూలు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చి తల నిమిరింది.

"ఏమైంది తల్లీ?"

"అంతా పోయింది పిన్నీ. పేపరు వెనక్కి తీసేసుకున్నాను. ఉద్యోగం కూడా పోయింది."

"అయ్యో! మెరవలేదా ఏమిటి?"

"మెరిశాయి. పదికి పదీ మెరిశాయి."

పిన్ని అయోమయంగా చూసింది. "మరి ఈ ఏడుపెందుకే? మెరుపు కనిపించకపోతే నా బతుకు బస్టాండే అని నిన్న నా దగ్గర ఒకటే గోల పెట్టావుగా?"

పక్షి తల ఎత్తింది. "పెడితే?"

"అందుకేగా పదింటిలోనూ మెరిసేవే వేశాను!"