పులి గోళ్ళు

నల్లమల కనుమలో మనిషి రుచి మరిగిన పులి తిరుగుతోందనీ, కాపరులను చంపి మందలను అడవిపాలు చేస్తున్నది అదేననీ తాలూకా అంతా నమ్మింది. భర్త లింగయ్యను ఆ కనుమలోనే పోగొట్టుకున్న పోలమ్మ మాత్రం నమ్మలేదు.

గిద్దలూరు సంతలో, కాపరులందరి ముందు, ఆమె పత్రికా విలేఖరి రామానుజాన్ని గొర్రెల వ్యాపారి మాలకొండయ్య దగ్గరకు తీసుకొచ్చింది.

“రాసుకో సామీ! లింగయ్య శవం పక్కన పులి అడుగు నా కళ్ళతో చూసినా,” అన్నాడతడు.

“గోళ్ళు పడినాయా మామా?” అడిగింది పోలమ్మ.

“పడకేం? నాలుగూ మేకుల్లాగా దిగినాయి!”

విలేఖరి రాసినదాని కింద మాలకొండయ్య దర్జాగా సంతకం చేశాడు.

అప్పుడు పోలమ్మ కొంగుచాటు నుంచి పలక తీసింది. “అడుగు చూసి అందరూ పరుగెత్తినారు. గోళ్ళు చూసింది నేనొక్కదాన్నే, కూచుని బలపంతో గీసుకున్నా. కాపరుల్ని చంపి మందలు నీకు తోలుకొచ్చే నీ ముఠావోళ్ళు కొయ్య పంజా చెక్కేటప్పుడు ఊరకుక్క అడుగును చూసుకున్నట్టుండారు మామా!”

“ఏందే నీ కూత?”

కాపరులు ఒక్కొక్కరే కర్రలు పట్టుకుని దగ్గరికొచ్చారు. పలక మీద అడుగు ముందున్న నాలుగు గోళ్ళ గీతలు చూడగానే వాళ్ళకు అర్థమైంది.

పులి నడిచేటప్పుడు దాని గోళ్ళు పంజాలోకి ముడుచుకుని ఉంటాయి. నేల మీద పడవు.