ఛాతీలోతు

"వంగి చూడప్పా. మోకాళ్ళ కాడ పట్టేస్తే ఇంకో సైజు పెద్దది తీస్తాను," అన్నాడు గాలాలు, వలలు అమ్మే దేవరాజులు.

ధనశేఖర్ అతని అంగడి మధ్యలో నిలబడి వంగాడు. ఛాతీదాకా వచ్చే రబ్బరు ప్యాంటు అది. బూట్లు దానికే అతికి ఉన్నాయి, పైన భుజాలకు పట్టీలు. వేడర్లు అంటారు. చెరువుల్లో చేపలు పెంచేవాళ్ళు తప్ప ఇంకెవరూ వీటిని అడగరని దేవరాజులు అప్పటికే రెండుసార్లు అన్నాడు. నగరి నుంచి వచ్చామనీ, సముద్రంలో గాలం వేయడానికనీ ధనశేఖర్ చెప్పాడు.

"దీన్నేసుకుని నీళ్ళలో కింద ఉండేదాన్ని రెండు చేతులతో ఎత్తొచ్చునా?"

"ఏమి ఎత్తాల?"

"ఏదైనా."

"ఎత్తొచ్చు. కానీ మరీ వంగితే పైనుంచి నీళ్ళు దిగతాయి."

వరదమ్మ స్టూలు మీద కూర్చుని, భర్త పక్కన విడిచిన చెప్పుల వైపు చూస్తోంది. ఇద్దరూ నగరి నుంచి పొద్దున్నే బస్సులో తిరుపతి వచ్చారు. అతని పాదాల నిండా ఆల్చిప్పలు కోసిన గాట్లున్నాయి. షుగరు మనిషి కావడంతో ఒక్కటీ మానలేదు. వేడర్లు కొందామన్నది ఆమే.

"ఏ బీచికి పోతావప్పా?" అన్నాడు దేవరాజులు.

"తూపిలిపాలెం."

"నగరి నుంచి శానా దూరమే. అప్పుడప్పుడా?"

ధనశేఖర్ భుజం పట్టీ సరిచేసుకున్నాడు.

"దసరా నుంచి ఎక్కువ దినాలు ఆడనే," అంది వరదమ్మ. "మగ్గాలు కూడా ఆపేసినాడు."

దేవరాజులు నవ్వాడు. "గాలం పిచ్చి అట్లాంటిదమ్మా. మా బావమరిది కూడా ఇంతే, పెండ్లిచూపుల నాడు కూడా చెరువు గట్టునే ఉన్నాడు. మానుకోమని మీరు చెప్పకూడదా?"

"నేనెట్ల చెప్పేది?" అంది ఆమె.

ఆ మాటలో కోపం ఉందో లేదో దేవరాజులుకు అర్థం కాలేదు. మొగుడూ పెళ్ళాల మధ్య మనకెందుకని ఇంకో రెండు రకాలు తీసి బల్ల మీద పరిచాడు. ఒకటి నైలాన్‌ది, తేలిక. ఇంకొకటి మందం, చలి తెలియదు.

"గంటల తరబడి నిలబడేదానికి మందంది మేలు. కార్తీకంలో నీళ్ళు సల్లగుంటాయి. కానీ బరువు."

"బరువైతే ఏమవుతాది?" అని వరదమ్మ అడిగింది.

"అల కొట్టి పడిపోతే లేసేది కష్టం."

"తేలికది ఇయ్యండి."

"సలి పుడతాదేమో," అన్నాడు ధనశేఖర్.

"పుట్టనీ," అంది.

దేవరాజులు నైలాన్‌ది అతనికి తొడిగించి నడుముకు బెల్టు బిగించాడు. "ఇది మాత్రం యామారొద్దు. బెల్టు లేకుండా పడినావంటే నీళ్ళు లోపలికి దిగి కాళ్ళు కదలవు. ఆ సముద్రం సూసేదానికి మెత్తగా ఉంటాది గానీ, కాలి కింద ఇసుకను లాగేస్తాది."

"తెలుసు," అన్నాడు ధనశేఖర్. బెల్టు విప్పి, మళ్ళీ తనే బిగించుకున్నాడు. "ఈ కాలంలో నీళ్ళు ఎటు లాగతాయన్నా?"

"దక్షిణానికి. మా బావమరిది గాలం బెండు ఒకసారి తెగిపోయింది. రెండు దినాలకు ఆ పక్కన ఊళ్ళో పల్లెకారోళ్ళ వలలో దొరికింది."

"ఎంత దూరంలో?"

"అది నాకు తెలీదు. ఎందుకు?"

"ఊరికే." ధనశేఖర్ వరదమ్మ వైపు చూశాడు. "నేను ఇన్నాళ్ళూ ఉత్తరం పక్కనే తిరిగినాను."

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ తల దించుకుంది.

"ఇంతకీ ఇన్నాళ్ళలో ఏం దొరికిందప్పా?" అన్నాడు దేవరాజులు, మాట తేలిక చేద్దామని.

"ఒక చెప్పు."

దేవరాజులు పకపకా నవ్వాడు. "గాలమేసేవోళ్ళకు అందరికీ దొరికేది అదే. ఇంకేం, జోడు దొరికేదాకా పోవాల్సిందే."

ధనశేఖర్ కూడా నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. వరదమ్మ లేచి గుమ్మం దాకా వెళ్ళి, బస్టాండు వైపు పోతున్న ఆటోలను చూస్తూ నిలబడింది. ఆమెకు కోపం వచ్చిందనుకుని దేవరాజులు గొంతు తగ్గించాడు.

"ఒక మంచి పండుగప్ప తెచ్చి పులుసు పెట్టించప్పా. అమ్మ అలక తీరతాది."

"చేపలు తినేది మానేసినాం."

"మరి పట్టేది ఎందుకు?"

ధనశేఖర్ వేడర్లు విప్పి బల్ల మీద పెట్టాడు. ఏదో మొక్కై ఉంటుందని దేవరాజులు అనుకున్నాడు. ప్యాంటు మడిచి సంచిలో పెడుతూ, "కొక్కేలు, ఎర ఏమైనా ఇయ్యాలనా?" అన్నాడు.

"వద్దు. గాలం ఉండాది, సాలు. అది చేతిలో ఉంటే నీళ్ళలోకి ఎందుకు పోతాండావని పోలీసోళ్ళు అడగరు."

బయటికి వచ్చాక ఇద్దరూ బస్టాండు దాకా నడిచారు. తూపిలిపాలెం వైపు పోయే నాయుడుపేట బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ధనశేఖర్ ఆమె చేతిలోని సంచి అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు.

"నువ్వు ఇంటికి పో. నగరి బస్సు ఆ పక్క ఉండాది."

"నేనూ వస్తాను."

"వచ్చి ఏం జేస్తావు? పొద్దంతా ఎండలో కూర్చోవాల."

"కూర్చుంటాను. ఇన్ని దినాలూ ఇంట్లో ఫోను ముందర కూర్చోలేదా?"

"వరదా, వద్దు. నువ్వు సూడలేవు."

"నువ్వొక్కడివే ఎట్ల సూస్తావు?" అంది. "దొరికితే నువ్వొక్కడివే మోయలేవు."

అతను ముందు ఆమెను ఎక్కించి, వెనక తానెక్కాడు. కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగితే ఇద్దరికీ కలిపి టికెట్లు తీసుకున్నాడు. వరదమ్మ సంచిని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది.

సముద్రంలో గల్లంతైన వాళ్ళ కొడుకు ఇంకా దొరకలేదు.